పిన్ని జాండిస్‌తో పోలేదు

పిన్ని పోయిందని నాకు భిలాయి సుపేలాలో బస్సు దిగుతుంటే తెలిసింది. రాయపూర్‌లో కాలేజీ నుంచి వస్తున్నాను. కూరగాయల సంచీతో ఎదురొచ్చిన మా వీధావిడ, "మీ పక్కింటామె పొద్దున్నే పోనాది, తెలుసా? జాండిసట" అంది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. తగ్గకముందే మన టౌన్‌షిప్ తెలుగువాళ్లందరికీ రాసేద్దామని కూర్చున్నాను.

జాండిస్ కాదు. పిన్నికి పెద్దపేగు చివర క్యాన్సర్. నేను స్కూల్లో ఉన్నప్పుడే ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. మలం పొట్ట పక్కనుంచి బయటికి వచ్చేలా దారి చేసి, అక్కడ సంచి తగిలించారు. ఆ సంచితోనే ఇన్నేళ్లూ నీళ్లు మోసింది, పెళ్లిళ్లలో వడ్డించింది, టెంపోలో చోటు కోసం కండక్టరుతో పోట్లాడింది. ఈ ఏడు ఆ జబ్బు లివర్‌కి పాకింది. కళ్లు పచ్చబడ్డాయి. రోగం పేరు మార్చడానికి చుట్టాలకి ఆ పచ్చదనం సరిపోయింది.

ఆవిడ మాకేమీ కాదు. విజయనగరం వైపు నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన బాబాయికి మా పక్క క్వార్టర్ దొరికింది. ఆవిడ మా అమ్మని అక్కా అంది, నాకు పిన్ని అయింది. ఎవరింటికెళ్లినా తిన్నగా వంటింట్లోకి నడిచి గిన్నెల మూతలెత్తి చూసేది. గుసగుసలంటే ఒళ్లుమంట. "ఏటర్రా ఆ గుసగుసలు? ఇక్కడెవులూ సచ్చిపోనేదు" అనేది పెద్దగా.

ఆపరేషన్ తర్వాత ఒక చుట్టాలింట్లో ఆవిడకి కాఫీ వేరే గ్లాసులో ఇచ్చారట. తాగేసి, గ్లాసు కడిగి, తన చేతిసంచీలో వేసుకుని వచ్చేసింది. "అదేటే?" అంది అమ్మ. "నాకోసమే తీసి పెట్టినారక్కా. మంచి స్టీలు. ఒగ్గీడమెందుకు?" నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక ఏముందో అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు, ఎందుకంటే అదే ఇప్పుడు నాలో ఉంది.

ఆ ఆపరేషనే చేయించుకోవాల్సిన వాళ్ల సంగతి నర్సులో, ఇరుగుపొరుగువాళ్లో ఆవిడ చెవిన వేసేవాళ్లు. వెంటనే బయల్దేరేది. భిలాయి-3 అయినా, ఊరవతల కుమ్హారి అయినా, తెలుగిల్లయినా, హిందీవాళ్ల ఇల్లయినా సరే. ఆవిడ హిందీ ఆవిడకే అర్థమయ్యేది కాదు, అందుకని నన్ను లాక్కెళ్లేది. వెళ్లగానే జబ్బు ఊసెత్తేది కాదు. ఆకలేస్తోందనేది. రోగి పక్కనే, అదే మంచం మీద కూర్చుని, కడుపునిండా తిని, వాళ్ల పిల్లల సంగతులన్నీ లాగేది. బాగా పొద్దుపోయాక అడిగేది: "ఇంతసేపూ నీ పక్కనే కూకున్నాను. ఏటైనా వాసనొచ్చిందా?" వాళ్లు లేదనేవాళ్లు. అప్పుడు చీర మీద నడుం పక్కన తట్టి, తనకీ సంచి ఉందని చెప్పేది. ఆ క్షణంలో ఆ మొహాల్లోకి రక్తం తిరిగి రావడం నేను చూశాను. డాక్టరు బొమ్మ గీసి చెప్పినప్పుడు రాని రక్తం.

తర్వాత మా ఇంటి వంతు వచ్చింది. నాన్నకి అదే గడ్డ. పెదనాన్న దిగి, ఆయనకి చెప్పొద్దని తీర్మానించేశారు. చెబితే గుండాగిపోతుందట. పైల్స్ అనమన్నారు, మేం అన్నాం. పైల్స్‌కి అంత పెద్ద ఆపరేషనేంటి, నేను సంతకం పెట్టనన్నాడు నాన్న. డాక్టరేమో ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతుందంటున్నాడు. ఇంట్లో అందరం ఆయన ముందు నవ్వుతున్నాం, వంటింట్లోకి వచ్చి ఏడుస్తున్నాం.

పిన్ని మధ్యాహ్నం భోజనానికి వచ్చి నాన్న పక్కన పీట వేసుకుంది. పప్పు రెండోసారి వడ్డించుకున్నాక అడిగింది.

"ఏటి బావగారూ, ఆపరేషనొద్దన్నారట?"

"పైల్సే కదమ్మా. మందుల్తో తగ్గిపోద్ది."

"పైల్స్ కాదు."

పెదనాన్న కంచం ముందు నుంచి లేవబోయారు. "అమ్మా, నువ్వూరుకో."

"మీరూరుకోండి పెదబావగారూ. కోసీది మీ కడుపు కాదు."

అంతా చెప్పింది. తన సంగతి కూడా. ఇన్నేళ్లు పక్కింట్లో ఉన్నా, ఏదో ఆపరేషనైందని తప్ప సంచి సంగతి నాన్నకి తెలీదు. ఎంగిలి చెయ్యి కంచం అంచుకి తుడుచుకున్నాడు. ఆయన అడిగిన మొదటి మాట: "చొక్కా టక్ చేసుకోవచ్చా?"

"టక్కేటి, సూటేసుకోండి!"

ఆ వారమే సంతకం పెట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి, ఎలా కడుక్కోవాలో, ఎలా తగిలించుకోవాలో ఇల్లంతా వినబడేలా పిన్నే చెప్పింది. "మొదట్లో ఏడుపొస్తాది. ఏడండి. ఏడుస్తూనే అన్నం తినండి."

నాన్న బతికాడు, డ్యూటీకి వెళ్లాడు. తోటివాళ్లకి మాత్రం హెర్నియా అని చెప్పాడు. మన టౌన్‌షిప్‌లో అలాంటి హెర్నియాలు చాలానే ఉన్నాయి.

ఇక సంతాప సభ. మీలో చాలామంది వచ్చారు. పిన్ని పెట్టిన ఆవకాయ గురించి మాట్లాడారు. మంగళహారతి గొంతు గురించి మాట్లాడారు. "ఆదర్శ గృహిణి" అన్నారొకరు మైకులో. నేను వరసలన్నీ చూశాను. ఏ ఇళ్లకి ఆవిడ వెంట వెళ్లానో ఆ మొహాలు నాకు తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. మాట్లాడితే వీళ్లకెలా తెలుసని పక్కవాళ్లు అడుగుతారు కదా! ఆవిడ చేసిన పని అక్కడ ఎవరూ చెప్పకపోతే, రేపు అదే భయంతో మంచం పట్టిన మనిషి ఎవరిని వెతుక్కోవాలి? నాన్న వైపు చూశాను. తల దించుకుని నేల చూస్తున్నాడు. అందరికంటే ఎక్కువ కోపం నాకు ఆయన మీదే వచ్చింది.

అప్పుడొచ్చింది గుమ్మంలోకి ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ. ఇంటికి వెళ్తే ఇక్కడికి పంపారట. "తెలుగు దీదీ మిలేగీ క్యా?" అంది, తెలుగక్క ఉందా అని. పిన్ని కొడుకు లేచి వెళ్లి, అమ్మ లేదని మెల్లగా చెప్పాడు. ఆవిడ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత గోడకి చెయ్యి ఆనించుకుంది. తన మొగుడికి పేగు ఆపరేషనట. చస్తాను గాని ఒప్పుకోనంటున్నాడట. దీదీని చూపిస్తానని ఎలాగో ఆటోలో ఎక్కించి తెచ్చిందట. "అబ్ కిస్‌కో దిఖాఊఁ, భయ్యా?" అంది. ఇప్పుడెవరిని చూపించాలి అని.

హాల్లో అందరికీ వినబడింది. మైకు పట్టుకున్నాయన, కాస్త ఆ తలుపు వేయండన్నాడు.

నాన్న లేచాడు. కుర్చీ కిర్రుమంది. "తలుపు ఉండనీండి" అన్నాడు తెలుగులో. ఆవిడ దగ్గరికి వెళ్లి, హాలంతటికీ వినబడేలా హిందీలో అన్నాడు: "నన్ను చూపించమ్మా. నాకూ పొట్ట పక్కన సంచి ఉంది."

నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఆటోలో ఒక బక్కపలచటి మనిషి అవతలికి మొహం తిప్పుకుని కూర్చున్నాడు. నాన్న ఎక్కి పక్కన కూర్చుని ఏదో అన్నాడు. అతను తిరగలేదు. నాన్న అతని చెయ్యి తీసుకుని తన చొక్కా మీద, పొట్ట పక్కన పెట్టుకున్నాడు. లాగేసుకుంటాడనుకున్నాను. లాక్కోలేదు. ఆటో ఇంజన్ ఆపలేదు. ఆ అదురుకి రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వణుకుతూ అక్కడే ఉన్నాయి.