గోడ మీద నేను వేసిన ఒకే ఒక్క హంస

తంజోంగ్ పగార్‌లో ఖాళీగా పడివున్న పాత దుకాణం గోడల మీది బొమ్మలు నేనే వేశానని ఈ పరాయిదేశంలో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామంది అనుకుంటున్నారు. వాటి ఫోటోల ప్రదర్శనలోనూ నా పేరే పెట్టారు. అవి నావి కావు. తువాస్ షిప్‌యార్డులో ఓడలకు రంగులేసే ఒక శ్రీకాకుళం మనిషివి.

ఊళ్లో గుడి గోడలకు బొమ్మలు వేసిన చెయ్యి ఆయనది. దుకాణం యజమానిని ఒప్పించిన ఇంగ్లీషు మాత్రం నాది. "ఎలాగూ కూల్చేస్తాం లా, వేసుకోండి" అన్నాడతను, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా. ప్రతి ఆదివారం ఆయన రంగులతో, నేను కాఫీతో అక్కడికి చేరేవాళ్లం.

లేపాక్షి పద్ధతిలో పార్వతీ కల్యాణం. పొడుగు కళ్ల చెలికత్తెలు, గళ్ల చీరలు, కింద అంచంతా హంసల బారు. ఊరికే కూర్చోలేక ఒక హంస నేను వేస్తానన్నాను. వేశాక ఆయన తల పక్కకు వంచి చాలాసేపు చూశారు.

"ఏటి సార్, ఇది పెళ్లి సూడ్డానికొచ్చిందా, పెళ్లి బోజనాల్లోకొచ్చిందా?"

"చెరిపేయండి మరి."

"ఉండనీండి. మీరూ ఉన్నట్టుంటాది."

ఒకరోజు ప్రదర్శనలు పెట్టే ఒకావిడ ఫోటోలు తీయడానికి వచ్చింది. నిచ్చెన మీద ఒళ్లంతా రంగుతో ఆయన, కింద ఇస్త్రీ చొక్కాలో నేను. ఆవిడ నేరుగా నాతోనే చెయ్యి కలిపి, అద్భుతంగా వేశారంది. కాదనడానికే నోరు తెరిచాను. "థాంక్యూ" అని వచ్చింది. అక్కడైనా ఆగలేదు. నా హంస దగ్గర వంగి, "ఇదొక్కటీ ఇలా ఉందేం?" అని అడిగితే నిచ్చెన వైపు చూపించి, "అది మా హెల్పర్ వేశాడు" అన్నాను.

హెల్పర్ అంటే ఏమిటో తువాస్‌లో తెలియనివాళ్లు లేరు. ఆయన దిగి, కుంచెలు కడుక్కుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు గోడలూ కూల్చేశారు. ఫోటోలు మిగిలాయి, వాటి కింద నా పేరూ మిగిలింది.

మొన్న ఆదివారం ఆయన ఉండే డార్మిటరీకి వెళ్లి తప్పయిందన్నాను. ఆవిడకు రాసి పేరు మార్పిస్తానన్నాను.

"రాయండి. పంపేముందు నాకు సదివినిపించండి. మీ ఇంగ్లీషు మీద నాకు నమ్మకం పోనాది."

అక్కడే ఫోనులో రాసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. "ఆ బొమ్మలు ముఖ్యంగా ఈయనే వేశారు..."

"ముఖ్యంగా అంటే ఏటి సార్? మిగతాయి ఎవులేసేరు?"

ఆ మాట కొట్టేసి, మొదటినుంచీ మళ్లీ చదివాను. ఆయన తలూపాకే పంపాను.