లచ్చయ్య చెప్పిన రేజర్

నెత్తి నెరుస్తున్నా మొగులయ్యకు తన గడ్డం తాను గీసుకోవడం రాదు. గౌడవెల్లిలో ప్రతి ఆదివారం లచ్చయ్య సెలూన్‌కు పోవడం, గదవ పైకెత్తి కళ్లు మూసుకోవడం, అంతే. 2011లో, ఇంటర్ చదివే కొడుకు సంపత్ మొండికేశాడు. "నాయినా, ఇగ నేను లచ్చయ్య కాడికి పోను. నాకో రేజర్ కొనియ్యి."

సోమవారం మేడ్చల్ దుకాణంలో వరసగా వేలాడుతున్న రేజర్లు చూసేసరికి మొగులయ్యకు బుర్ర తిరిగింది. ఎట్లాంటిది కావాలని అడిగితే ఏం చెప్పాలో తెలియక, తన మీద తనకే కోపమొచ్చి బయటపడ్డాడు.

రేజర్ల సంగతి తెలిసినవాడు లచ్చయ్య ఒక్కడే. అడగడమంటే అతని గిరాకీని అతని చేతే పోగొట్టించడం. సిగ్గు చంపుకుని ఆ సాయంత్రమే అడిగాడు.

లచ్చయ్య కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"మూడు బ్లేడ్లదని షోకులకు పోకు. లేత చెంపలు, రెండు బ్లేడ్లది సాలు. ఎంట్రుక మొలిచిన దిక్కే గీయమను. ఎదురు గీస్తే పొక్కులొస్తయ్" అన్నాడు. తర్వాత నవ్వాడు. "వాని పుట్టెంట్రుకలు తీసింది నేనే గదా. నా అంగి మీదనే ఉచ్చ పోసిండు."

మరునాడు మొగులయ్య ఆ రేజరే కొని కొడుకు చేతిలో పెట్టాడు. మంగళవారం సెలూన్ మూసి ఉంటుంది. బుధవారం పొద్దున్నే వెళ్లి, ఆదివారం గీయించుకున్న గడ్డం ఇంకా సరిగా మొలవకముందే, లచ్చయ్య కుర్చీలో కూర్చుని గదవ పైకెత్తాడు.