అందింది, మేడమ్

మేడమ్ ఇక లేరని పోయిన వారం పొద్దున మా ఆఫీసు గ్రూపులో చిన్న కబురు వచ్చింది. ముందు నేను ‘అందింది’ అని రాశాను. ఒకరి వెనక ఒకరు అందరూ అదే రాశారు. బయటివాళ్లు చూస్తే వీళ్లకు మనసే లేదా అనుకుంటారు. మాకు అంతకంటే గౌరవమైన మాట తెలియదు. ఆ మాట నేర్పింది ఆమే.

మాది కరీంనగర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. రైస్ మిల్లులకు, లారీల వాళ్లకు ఏజెంట్లు తయారుచేస్తాం. ఏజెంట్లంటే మనుషులు కాదు, మనిషి తరఫున బేరం మాట్లాడే ప్రోగ్రాములు. మిల్లు ఏజెంటు లారీ కావాలని అడుగుతుంది. లారీల ఏజెంట్లు తమ కిరాయి చెబుతాయి. మిల్లు ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఎవరు ఎప్పుడు ఏ మాట అనాలి, దానికి ఎదుటివాళ్లు ఏమని బదులివ్వాలి అన్న పద్ధతి రాయడం మేడమ్ పని. నేను ఆమె దగ్గరే చేరాను. మనుషులతో మాట్లాడటం నాకు రాదు. కాన్వెంటులో సిస్టర్లు నన్ను మెచ్చుకున్నది నోరెత్తనందుకే. ఈ ఉద్యోగంలో నిలబడతానని నాకే నమ్మకం ఉండేది కాదు.

మేడమ్ చిన్నతనం గోదావరి ఒడ్డున బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లలో గడిచింది. వాళ్ల బాపు బొగ్గుబాయిలోకి మనుషులను దింపే ఇంజను నడిపేవారు. కింది నుంచి గంట కొడితే, అదే గంట తిరిగి కొట్టాకే ఇంజను కదిలించాలట. “‘ఇన్న’ అని చెప్పకుంట ఏ పని షురు చెయ్యొద్దు” అనేవారు మేడమ్. అందుకే మా ఏజెంట్లు ఏ కబురు వచ్చినా ముందు ‘అందింది’ అంటాయి. ఆమె కూడా అంతే. పచ్చిపులుసు తెచ్చానని చెబితే, ‘అందింది’ అన్నాకే గిన్నె చాపేవారు.

పద్ధతి రాయగానే కోడ్ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ముందు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి ఆడించేవారు. ఒకరు మిల్లు, మిగతావాళ్లు లారీలు. పద్ధతిలోని ఒక్కో మాటా ఒక్కో చీటీ మీద రాసి ఇచ్చేవారు. ఆ చీటీల్లో ఉన్న మాట తప్ప ఇంకోటి అనకూడదు. జవాబు వచ్చేదాకా కుర్చీ వదలకూడదు.

పెద్దపల్లిలో ఒక మిల్లుకు మా ఏజెంట్లను మొదటిసారి ఇవ్వబోయే ముందు మా ఓనర్ సార్ ఒక చీటీ తీసేయమన్నారు. ఎంచుకోని లారీలకు ‘కుదరదు’ అని చెప్పే చీటీ అది. వద్దని మొహం మీద అనకపోవడం మా దిక్కు మర్యాద. “చెప్పకున్నా సమజైతది మేడమ్. ఊకుంటె వాళ్లే పోతరు” అన్నారు సార్. మేడమ్ వాదించలేదు. ఆ చీటీ లేకుండానే ఆడి చూద్దామన్నారు. సార్ మిల్లు అయ్యారు. కిటికీ పక్క కుర్చీలో నేనొక లారీని.

సార్ వేరే లారీని ఎంచుకున్నారు. ఆట అయిపోయిందని అందరూ చాయకు లేచారు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకని కూర్చునే ఉన్నాను. ఎవరూ పట్టించుకోలేదు, నేను ఎప్పుడూ అలాగే కూర్చుంటాను గనుక. మేడమ్ చూశారు గానీ పిలవలేదు.

సార్ ఫోన్ మాట్లాడి తిరిగొచ్చారు. “ఏంది బిడ్డా, అందరు చాయ తాగవట్టిరి, నువ్వు గిట్లనే కూసున్నవ్?”

మేడమ్ వైపు చూశాను. ఆమె తన గ్లాసులోకి చూసుకుంటున్నారు.

“‘కుదరదు’ అని నాకు ఎవరూ చెప్పలే సార్. లారీ ఇంకా మీ కోసమే ఆగి ఉన్నది. వేరే కిరాయికి పోలే.”

అందరూ నా వైపు తిరిగారు. సార్ నవ్వారు. “మొండి లారీ దొరికింది మేడమ్ మీకు.” పక్కన పడేసిన చీటీని వెతికి తీసి నా చేతికిచ్చారు. “గీసారి కుదరదు బిడ్డా. పో, చాయ తాగు పో.”

“అందింది సార్” అని లేచాను. ఆ చీటీ మా పద్ధతిలో ఉండిపోయింది. ఉద్యోగంలో నేనూ ఉండిపోయాను.

నా చాయకు మేడమ్ సాసరు మూతేసి కిటికీలో పెట్టి ఉంచారు. ఇంకా వేడిగానే ఉంది.

ఆమె హాస్పిటల్లో ఉన్నప్పుడు కొత్త పద్ధతి ఒకటి రాసి పంపాను. మీరు వచ్చాకే ఆడదామన్నాను. జవాబు కాసేపటికే వచ్చింది. “అందింది. ఈసారి నాకు కుదరదు. నా కోసం ఆగకు, నువ్వే ఆడిపియ్యి.”

ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే మనసు తేలికగా ఉంది. ఆమె నన్ను ఊరికే ఎదురుచూడమని వదిలి వెళ్లలేదు.

నిన్న ఆడించాను. కొత్తగా చేరిన అమ్మాయి లారీ అయి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మిల్లు ఇంకా ఏదీ తేల్చలేదు. ఆ అమ్మాయి కదలడం లేదు. చాయ వచ్చింది. ఒక గ్లాసుకు సాసరు మూతేసి కిటికీలో పెట్టాను. మూత అంచు నుంచి సన్నగా ఆవిరి వస్తూ ఉంది.