ఉప్పాడ సిగ్నల్ పిస్తోలు మీది బాణాలు

తెల్లవారాక రాజమండ్రి స్టేషన్లో విశాఖ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాం, నేనూ, మా వీధి క్లినిక్‌లో నర్సుగా చేసే నూకరత్నమూ.

నేను ఓడల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నౌకాదళాల పాత సిగ్నల్ పిస్తోళ్ళ మీద ముద్రలు చూసి అవి ఏ కాలానివో చెప్పడం నా సరదా. వాటితో మనుషుల్ని కాల్చరు. రంగు వెలుగులు ఆకాశంలోకి పేల్చి దూరపు ఓడకి కబురు చెబుతారు. మొన్న క్లినిక్‌లో బీపీ చూపించుకుంటూ ఈ మాట అంటే, నూకరత్నం ఫోన్లో ఒక ఫొటో చూపించింది. చిలుము పట్టిన ఇత్తడి పిస్తోలు. ఉప్పాడలో ఆమె పుట్టింట్లో ఉందట.

"మా ముత్తాత దాన్ని ఓడలోంచి దొంగిలించాడంటారండి. ఏ గొడవొచ్చినా మమ్మల్ని 'దొంగ పిస్తోలోళ్ళు' అనేస్తారు. ఇప్పుడు సముద్రం మా గోడదాకా వచ్చేసింది, ఇల్లు మారుతున్నాం. దాన్ని సముద్రంలో పారేస్తానంటున్నాడు నాన్న. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

చూస్తానన్నాను గానీ, రైల్లో కూర్చున్నాక గుబులు మొదలైంది. ముద్రలు ఊరివాళ్ళ మాటే నిజమంటే ఆ పెద్దాయనకి ఏం చెప్పాలి?

ఎదుటి సీట్లో ఒకావిడ కూతురి కాన్పుకి అన్నవరం వెళుతోంది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా విప్పి, "ఖాళీ కడుపుతో ప్రయాణం ఏంటండీ, తీసుకోండి," అంది. ద్వారపూడి దాటేలోపు ఇద్దరం రెండేసి తినేశాం.

పిఠాపురంలో దిగి, స్టేషన్ బయట పెసరట్టు తిని, ఉప్పాడకి షేర్ ఆటో ఎక్కాం. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీదుగానూ వెళ్ళొచ్చు. కానీ కెరటాలు రోడ్డుని కోసేస్తుంటాయి, కనుక్కుని బయల్దేరడం మేలు. కొత్తపల్లి దాటాక ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు, ఆ వెంటనే ఉప్పుగాలి.

నూకరత్నం తండ్రి, పడవ మీద చేపలవేటకెళ్ళే కొండయ్య గారు, సామాన్ల మూటల మధ్య కూర్చుని ఉన్నారు. పాత లుంగీలో చుట్టిన పిస్తోలు నా చేతికిచ్చి, "ఏదైనా సరే, నిజం చెప్పండి బాబుగారూ," అన్నారు.

తూటాని పేల్చే లోపలి సూది ఎవరో ఎప్పుడో తీసేశారు, ఇక అది పేలదు. నూకరత్నం చింతపండు తెచ్చింది. తోమితే ముద్రలు అరిగిపోతాయని, కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ అడిగాను. మెల్లగా తుడుస్తుంటే గొట్టం మీద మొదట నేవీ అని సూచించే ఇంగ్లీషు 'ఎన్' అక్షరం కనబడింది. బ్రిటిష్ నౌకాదళానిది. తర్వాత సంవత్సరం. చివరి అంకె అరిగిపోయినా, మొదటి ప్రపంచయుద్ధ కాలానిదని తెలుస్తోంది. దాని పక్కన పైకి చూసే బాణం.

"ఇది సర్కారు సొత్తని గుర్తండి," అన్నాను.

కొండయ్య గారు తల దించుకున్నారు. "అయితే ఊరన్నది నిజమేనన్నమాట."

నేను తుడుస్తూనే ఉన్నాను. ఆ బాణానికి పైన ఇంకా చిలుము ఉంది. అది ఊడితే రెండో బాణం బయటపడింది. తలకిందులుగా, మొదటిదాని మొనకి మొన ఆనించి కొట్టినది.

"కొండయ్య గారూ, ఇలా చూడండి. రెండు బాణాలు ఎదురెదురుగా ఉంటే, సర్కారే దీన్ని అమ్మేసిందని అర్థం. మీ తాతగారి చేతికి ఎలా వచ్చిందో ఈ ముద్ర చెప్పదు. కానీ నౌకాదళం మాత్రం తనంతట తానే వదులుకుంది. ఓడలోంచి ఎత్తుకొచ్చిందైతే ఈ రెండో బాణం ఎవరు కొడతారు?"

ఆయన వేలితో ఆ గీతల్ని తడిమి చూసుకున్నారు. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, "ఒరే అప్పారావూ, ఒకసారిలా రారా! నీకో వస్తువు చూపించాలి," అని పక్కింటాయన్ని కేకేశారు.

మధ్యాహ్నం చందువ చేపల పులుసుతో భోజనం పెట్టారు. పోలీస్ స్టేషన్లో ఒకసారి చూపించి ఉంచుకోమని చెప్పి బయల్దేరాను. నూకరత్నం ఇల్లు సర్దడానికి ఆగిపోయింది.

సాయంత్రం రైలు సామర్లకోటలో ఆగినప్పుడు ఆమె ఫోన్ చేసింది. "నాన్న పడవ ముందుభాగం మీద రెండు బాణాలు రాయించమంటున్నాడండి. ఏ రంగు బాగుంటుందో మిమ్మల్నే అడగమన్నాడు."

ఎరుపు వేయించమన్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. బిక్కవోలు దాటాక చేల మీద పొద్దు వాలుతోంది. ఇన్నేళ్ళుగా ఎన్నో పిస్తోళ్ళ వయసు చెప్పాను గానీ, నేను చెప్పిన మాట కోసం ఒక మనిషి పక్కింటివాణ్ణి కేకేయడం ఇదే మొదటిసారి. రాజమండ్రి దాకా ఆ కేక వింటూనే వచ్చాను.