ఏడాది ఆగుదామన్న మా వదిన

మా వదిన ప్రేమలతకు తెలుగు అక్షరాలు రావు. కాబట్టి ఇక్కడ ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. మహారాష్ట్రలో రాజురా దగ్గరి పల్లెలో పుట్టింది, మరాఠీ బడిలో చదివింది, చంద్రపూర్ కాలేజీలో ఇంగ్లీషుతో బీఏ చేసింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, రాసింది చదవమంటే మాత్రం బిత్తరచూపులు చూస్తుంది. నేను మంచిర్యాలలో మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా తెలుగులో చదివాను. ఆమె ముందు నాకున్న గొప్ప అదొక్కటే. మిగతా అన్నింట్లో ఆమెదే పైచేయి, అది చూస్తే నాకు కడుపుమంట. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ సామెతకు నేను తక్కువ చేసిందేమీ లేదు.

మా అన్న రామకిషన్ పద్మాపూర్ గనిలో డంపర్ నడుపుతాడు. బాపు మొండయ్య ఒంట్లో బాగాలేక ఉద్యోగం నుంచి దిగిపోతే అది అన్నకు వచ్చింది. అన్న చదువు ఎనిమిదో తరగతితోనే ఆగింది. షిఫ్టంతా ఆ ఊగే బండిలో కూర్చుని వచ్చిన మనిషి, ఇంటికొచ్చి మళ్ళీ తెర మీద పడవ నడుపుతానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఆ వీడియో గేమ్‌లు ఆడే ప్లేస్టేషన్ కూతురు కోమల కోసం కొన్నది. ఆ పిల్ల చదువుకని నాగ్‌పూర్ హాస్టల్‌కు వెళ్ళాక తండ్రి పాలైంది.

గేమ్‌లో మనుషులు మాట్లాడింది కింద ఇంగ్లీషులో పడుతుంది. అన్న మొదటి మాట కూడబలుక్కునేలోపే అది మాయమవుతుంది. అందుకని వదిన పక్కన కూర్చుని చదివి చెప్పడం మొదలుపెట్టింది. చదవడం అంటే ఉత్త చదవడం కాదు. తెర మీద ఏ దేశపు వాడో ఏదో అంటాడు, వదిన నోట్లోంచి అది చంద్రపూర్ పక్కనున్న మా దుర్గాపూర్ క్వార్టర్ల మాట అయి వస్తుంది. కోపం వస్తే కోపంగా, ఏడుపొస్తే ముక్కు ఎగబీల్చి మరీ చెబుతుంది. చేతిలో రిమోట్ లాంటిది అన్నది, నోరు వదినది. నాలుగేళ్ళుగా సాయంత్రమైతే ఇదే పని.

నేను రెండు లైన్ల అవతలి క్వార్టర్‌లో ఉంటాను. మా ఆయన సమ్మన్న పవర్‌హౌస్‌లో పని చేస్తాడు, ఇంటికొస్తే ఫోన్‌లోంచి తలెత్తడు. పెరుగు తోడుకనో, కొత్తిమీరకనో నేను అన్న ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ ఇద్దరినీ ఒకే సోఫాలో మోకాలికి మోకాలు ఆనించుకుని చూస్తే నా కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టే ఉండేది.

వాళ్ళకు అన్నింటికన్నా ఇష్టమైంది పడవ గేమ్. అందులో పడవ నడిపే ఒక ఆడమనిషి తుఫానులో తప్పిపోయిన తన అన్న కోసం వెతుకుతూ ఉంటుంది. ఆమె పడవలో ఒక ముసలి సరంగు ఉన్నాడు. ఆ ముసలాయనకు వదిన మా బాపు గొంతు పెట్టింది. అదే దగ్గు, అదే "ఏందిరా గిట్ల జేస్తివి" అన్న విసుగు. బాపు పోయి మూడేళ్ళయింది. మొదటిసారి విన్నప్పుడు అన్న ఆట ఆపి చాలాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత ఒళ్ళు మండింది. బాపు నాకు తండ్రి. ఆయన గొంతు కోడలికి రావడమేమిటి, నాకు రాకపోవడమేమిటి?

మొదటి భాగం చివర్లో ఆ అన్న బతికే ఉన్నాడని తెలుస్తుంది, అంతే, అక్కడ ఆగిపోతుంది. రెండో భాగం మొన్న మే నెలలో వస్తుందని తెలిసింది. అన్న చిన్నపిల్లాడిలా గంతులు వేశాడు. వదిన మాత్రం ఒప్పుకోలేదు.

"కొత్త బియ్యం అన్నం ముద్దయితది. ఏడాది ఆగితేనే పొడిపొడిగ వస్తది. గేమ్ గూడ గట్లనే," అంది. "వచ్చిన రోజే ఐదువేలు వోసి కొన్నోళ్ళకు తప్పులన్ని దొరుకుతయ్. మనం కొనేసరికి అవన్ని సాఫ్ అయితయ్, ధర సగం అయితది. నాలుగేండ్ల సంది గట్లనే గదా చేస్తున్నం?"

"మా షిఫ్టుల మధుకర్ బుక్ చేసిండు," అన్నాడు అన్న.

"చేస్కోనీ. ఆయనకు పైసలు ఎక్కువైనయ్."

అన్న "సరే" అన్నాడు. ఆ సరే ఎంత పొడిగా ఉందో నేను విన్నాను. వదిన వినలేదు.

గేమ్ వచ్చిన రోజు నుంచి అన్న ఇంటికి ఆలస్యంగా రావడం మొదలైంది. మొదటి షిఫ్టు మూడింటికి అయిపోతుంది, ఇల్లు చేరేది ఆరింటికి. యూనియన్ ఆఫీసులో పని ఉందని చెప్పాడు. వదిన నమ్మింది. నేనూ నమ్మేదాన్నేమో, జాకెట్టు కుట్టించుకోవడానికి పద్మాపూర్ వెళ్ళకపోయి ఉంటే.

జాకెట్లు కుట్టేది మధుకర్ భార్య ఉజ్వల. ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు, సెలవుల్లో మిషన్ పెట్టుకుంటుంది. వాకిట్లో అన్న బండి ఉంది. తలుపు తీస్తే ఏసీ చల్లదనం మొహానికి కొట్టింది. మధుకర్ సోఫాలో కాళ్ళు చాపుకుని ఆడుతున్నాడు. మా అన్న పక్కన కుర్చీ అంచు మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఉజ్వల చీరకు ఫాల్ కుడుతూ, తెర మీదికి ఓ చూపు చూసి, చదివి అర్థం చెబుతోంది.

"అగ స్నేహతాయీ, యే యే, రా, కూసో. రామకిషన్ భావూ మా ఇంట్లనే ఉంటుండు ఇప్పుడు," అని నవ్వింది.

అన్న నన్ను చూసి నల్లబడ్డాడు. "ఇంట్ల చెప్పకు," అన్నాడు మెల్లగా. నేను తల ఊపాను. జాకెట్టు కొలతలు ఇచ్చి, ఆటో ఎక్కి, మా ఇంటికి కూడా పోకుండా నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాను.

పుల్ల పెట్టింది నేనే. దాచుకోవడం దేనికి? ఉప్పూకారం బాగానే చల్లాను కూడా. ఉజ్వల ఎంత చక్కగా చదువుతుందో, వార్తలు చదివినట్టు ఎక్కడా తడబడదని చెప్పాను. అన్న నోరు తెరుచుకుని వింటున్నాడని చెప్పాను. వదిన అరుస్తుందనుకున్నాను, ఏడిస్తే ఓదార్చడానికి కూడా సిద్ధంగానే వెళ్ళాను. ఆమె గోరుచిక్కుడు గిల్లుతూ ఉండిపోయింది. గిల్లుతూనే అడిగింది.

"ముసలాయనకు ఏం గొంతు పెట్టింది?"

"ఏం గొంతు లేదు. అందరికీ ఒక్కటే గొంతు."

"మీ అన్న అది విన్నంక గూడ అక్కడ్నే కూసున్నడా?"

"కూసున్నడు."

వదిన గిల్లిన చిక్కుడు, గిల్లని చిక్కుడు ఒకే గిన్నెలో కలిపేసింది. "ఇంకో ఆడిదాని పక్కన కూసున్నడని కాదు నాకు మంట," అంది. "ఇంకొకలు చెప్తే గూడ అర్థమైతదని తెలిసె గదా ఆయనకు. ఇగ నేనెందుకు?"

ఆ మాటకు నాకు సంబరం కావాలి. అందుకోసమే వెళ్ళాను. అయింది కూడా, కాసేపు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని చంద్రపూర్ బయల్దేరింది. ఎండ నలభై ఏడు, రోడ్డు మీద కుక్క కూడా లేదు. తమాషా చూద్దామని నేనూ ఆటో ఎక్కాను. జట్‌పురా గేటు దగ్గరి దుకాణంలో ధర అడగకుండానే నోట్లు తీసి ఇచ్చింది. కూరగాయల దగ్గర రూపాయికి గీచిగీచి బేరమాడే మనిషి! దుకాణంవాడు సీలు విప్పి చూపిస్తానంటే వద్దని ఆ కొత్త గేమ్ డిస్కు డబ్బా సంచిలో పెట్టుకుంది. దారి పొడుగునా ఆ సంచి ఒళ్ళోంచి దించలేదు.

ఆరింటికి అన్న వచ్చాడు. డబ్బా టీపాయి మీద, తలుపు తీయగానే కనబడేలా ఉంది. వదిన చీర మార్చుకుని, తల దువ్వుకుని, సోఫాలో తన చోట కూర్చుంది. ఎగిరి గంతేస్తాడని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను. అన్న డబ్బా చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఏడాది ఆగుదామంటివి గదా," అన్నాడు.

"యూనియన్ ఆఫీసుల ఏసీ పెట్టిన్రట గదా," అంది వదిన.

అన్న నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. తర్వాత అతను నేల మీద కూర్చుని, బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"నేను చూసొచ్చింది మతిల పెట్టుకుంటున్న. ఏడాదికి నువ్వు కొంటవు గదా. అప్పుడు ముందుగాల నాకు తెల్సుంటది. నువ్వు సదివేలోపే నేను చెప్దామనుకున్న. ఎన్నడు జూడు నువ్వే చెప్తవ్, నేనే వింట. కోమల ఉన్నప్పుడు గంతే, కోమల పోయినంక గంతే. బ్యాంకుల కాయితం వస్తే నువ్వే, దవాఖానల నువ్వే. నాకు గూడ మండుతది, ప్రేమా. నీ మీద నాకు కుళ్ళు. ఒక్కసారన్న నేను చెప్పాలె, నువ్వు వినాలె అనిపిచ్చింది."

అన్నకు కూడా కుళ్ళు ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అది మా ఆడవాళ్ళ సొత్తనుకున్నాను.

"అయితే ఉజ్వల ఇంటికి పోతనే ఉంటవా?" అంది వదిన.

"సగమే అయింది. మిగిలింది ఎట్ల తెలుస్తది మరి?"

ఇప్పుడు వదిన పని ఇరకాటంలో పడింది. డబ్బా విప్పి తను చదివితే అన్న కోరిక మట్టిలో కలుస్తుంది. విప్పకపోతే అన్న రోజూ ఆ ఏసీ గదికి పోతాడు. ఏమి చేస్తుందా అని నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఆమె ప్లాస్టిక్ కాగితాన్ని పళ్ళతో చింపింది.

"నువ్వే ఆడు. నువ్వే చెప్పు. నేను నోరు తెరువ."

"నాకు సదువొస్తదా?"

"వచ్చినంత చెప్పు. ఆమె ఇంటికి మాత్రం పోకు."

అలా మొదలైంది. అప్‌డేట్ అని ఆ మిషన్ రెండు గంటలు మింగింది. ఆ తర్వాత పడవ నడిపే పిల్ల నడుము దాకా గోడలో దిగబడింది, టోపీ మాత్రం గాలిలో తేలుతూ ఉంది. కొత్త బియ్యం అంటే ఏమిటో అప్పుడు చూశాం. వదిన నోరు తెరవనని అన్నది కాబట్టి ముక్కుతో నవ్వింది. అన్న చూసొచ్చిన సగాన్ని దర్జాగా చెప్పాడు, ఎవరు ఎందుకు కోపగించుకున్నారో, ఏ దీవిలో ఏముందో అన్నీ. వదిన విన్నది. అయితే మధ్యమధ్యలో మొహం ముడుచుకునేది, ఈ మాట ఉజ్వలది అయి ఉంటుందని కాబోలు.

నాలుగో రోజుకు చూసింది అయిపోయింది. ఇక అన్నకు తెలిసిందేమీ లేదు. తెర మీద అక్షరాలు పడుతున్నాయి, పోతున్నాయి. అన్న ఆగాడు, వదిన వంక చూశాడు. ఆమె కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ తెర వంకే చూసింది. అప్పుడు అన్న బొమ్మల మొహాలు చూసి సొంతంగా చెప్పడం మొదలుపెట్టాడు. మొదట తడబడుతూ, తర్వాత వరదలా. పడవ పిల్ల డంపర్ డ్రైవర్ల మాట మాట్లాడింది. దొంగలు మేనేజరును తిట్టినట్టు తిట్టుకున్నారు. నేను పడీపడీ నవ్వాను.

ఆదివారం సాయంత్రం ఆ తప్పిపోయిన అన్న దొరికాడు. దీపం వెలుగులో చెల్లెలి ఎదురుగా నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఏదో చెప్పి, వెనక్కి తిరిగాడు. మా అన్న కళ్ళలో నీళ్ళతో చెప్పాడు:

"చెల్లె, నువ్వు నడువు. నేను గీ పని జూసుకొని వెనకనే వస్త. అన్నం వండి పెట్టు. ఇద్దరం కల్సి తిందాం."

వదిన చాయ పెడతానని లేచింది. నేను వెనకే వెళ్ళాను. స్టవ్ ముందు ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"నిజంగ గట్లనే ఉందా?" అని అడిగాను.

వదిన ముందుగదిలోకి ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "లేదు. 'నేను ఇగ రాను, నా కోసం ఎదురు చూడకు' అని ఉంది."

"మరి చెప్పకపోయినవ్?"

"ఎందుకు? మీ అన్న చెప్పిందే బాగుంది." చాయలో చక్కెర వేసి కలిపింది. "మొదటిసారి ఆయన చెప్తే నేను విన్న. దాన్ని ఎందుకు ఖరాబ్ చేసుకోవాలె? నువ్వు గూడ చెప్పకు. నీ నోరు మంచిది కాదు."

ముందుగదిలోంచి అన్న పిలిచాడు. "జల్దీ రా ప్రేమా, నువ్వు లేకుంటె ముంగటికి పోను, ఆపి పెట్టిన!"

ఆమె కప్పులు పట్టుకుని దాదాపు పరుగెత్తింది. నాకు కప్పు ఇవ్వడం మరిచిపోయింది. నేను వంటింట్లోనే నిలబడి, నా ఇంట్లో నేనేది చెప్పినా అది తప్పో ఒప్పో తేల్చేటంత చెవిపెట్టి వినేవాడు లేడని తలుచుకున్నాను. ఆ పూట వాళ్ళిద్దరి మీద వచ్చినంత కుళ్ళు నాకు జన్మలో రాలేదు. అన్నకు నిజం చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అతను చేతులు ఊపుతూ తర్వాతి కథ చెబుతున్నాడు. చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.