రేచుకుక్కల వాటా

అమ్రాబాద్ గుట్టలెక్కేసరికి పొద్దు నెత్తిమీదికి వచ్చింది. మాఘమాసం. ఆకు రాలిన అడవి. దళంలో ముగ్గురమే మిగిలాం. నా దగ్గర ఒక గొంగడి, నాటు తుపాకి, మూటలో గుప్పెడు జొన్నపిండి. అప్పటికి నాకు అక్షరాలు రావు. రాళ్లనూ చెట్లనూ చూసి దారి గుర్తుపెట్టుకునేదాన్ని.

దళనాయకుడిది మా తిరుమలగిరి వైపే. ఇద్దరివీ గొర్లు కాసే ఇండ్లు. మూడోవాడు కొరియర్. అతని తొడలో పోలీసు తూటా ఉంది. వాగు పక్కన బండ కింద పడుకోబెట్టాం. దారి చూపే చెంచు తాత అతని ముఖం చూశాడు.

"కడుపుల ఏమన్న పడకుంటే రేపు లేవడు."

తుపాకి పేలిస్తే పోలీసులకు తెలుస్తుంది. కాబట్టి వేట లేదు.

తెల్లవారగానే వాగులో ఈల వినబడింది. మనిషి వేసినట్టే ఉంది. తుపాకి ఎత్తాను. తాత గొట్టాన్ని కిందికి నొక్కాడు.

"రేచుకుక్కలు బిడ్డా. మొరగవు. గట్లనే పిలుచుకుంటయి."

ఎర్రటి ఒళ్లు, నల్లటి తోకలున్న అడవికుక్కలు. దుప్పిని నీళ్లలోకి తరిమాయి. ఒకటి ముక్కు పట్టింది. మిగతావి వెనకనుంచి పొట్ట చీల్చాయి. పేగులు నీళ్లలో తేలుతున్నా దుప్పి నిలబడే ఉంది. అది కూలకముందే తినడం మొదలుపెట్టాయి. తమలో తాము కరుచుకోలేదు.

తాత చప్పట్లు కొడుతూ దిగాడు. అవి పక్కకు జరిగాయి. ఒక తొడ కోసుకున్నాడు.

"గిది మన వాటా. మిగిలింది వాటిది. బొరియల పిల్లలున్నయి. కడుపుల నింపుకపోయి వాటి ముందట కక్కుతయి."

"ముక్క ఇడువొద్దు తాతా," అన్నాడు నాయకుడు. "రుచి మరిగితే మందను ఇడువయి."

"మందేడున్నది కొడుకా? నువ్వేనా గొర్రెవు?"

నాకు నవ్వొచ్చింది. కానీ తోడేలుకు ముక్క దక్కనివ్వకూడదని మా ఇండ్లలో పుట్టినప్పటినుంచీ వింటాం. నాయకుడూ నేనూ దుప్పిని బండ దాకా ఈడ్చుకొచ్చాం.

రేచుకుక్కలు వెంట వచ్చాయి. మీద పడలేదు. పొదల్లో నిలబడి ఈల వేస్తూనే ఉన్నాయి. రాళ్లు రువ్వినా పోలేదు. మాంసం ఉడికించిన నీళ్లు కొరియర్ నోట్లో పోశాను. మింగాడు.

"ఉప్పు మరిచినవా అక్కా?"

"వాటిది వాటికి పారెయ్యి," అన్నాడు తాత నాయకుడితో. "గీ ఈల ఇన్న చెంచోడు మాంసానికి ఉరికొస్తడు. పోలీసులకు దారి చూపేది గూడ చెంచోడే."

నాయకుడు కాసేపు పొదలకేసి చూశాడు. కత్తి తీసి దుప్పి మీదికి వంగాడు. మొదటి తూటా అతని గొంతులో దిగింది. రెండోది బండకు తగిలి రాయి పగిలింది. కొరియర్‌ను వీపున వేసుకున్నాను. తాత ముందు పరుగెత్తాడు. మలుపులో ఒకసారి వెనక్కి చూశాను.

యాభై ఒకటిలో దళాలు తుపాకులు దించాక తిరుమలగిరికి వచ్చాను. కొరియర్ కుంటుతూ బతికాడు. మళ్లీ గొర్లు కాశాను. తోడేలు కొట్టిన గొర్రె దొరికితే ఒక కాలు గట్టున వదిలి వచ్చేదాన్ని. నా పెనిమిటి తిట్టేవాడు.

మలుపులో చూసింది ఇది. తూటాలు దుమ్ము లేపుతున్నాయి. పాలతో చన్నులు వేలాడే ఒక రేచుకుక్క నాయకుడి చెయ్యి దాటి వచ్చింది. అతణ్ని ముట్టలేదు. దుప్పిలో తల దూర్చి మింగుతోంది. పక్కన రాయి పగిలినా, కడుపు నిండేదాకా తల ఎత్తలేదు.