మావయ్య చెక్కిన పదకొండు పేర్లు

మా మావయ్య పోయాడని కబురు వచ్చినప్పుడు నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఇన్సేన్ నుంచి అత్త ఫోను చేసి, "మీ మావయ్య ఎల్లిపోనాడే" అంది. తర్వాత ఏడుపే. పొద్దున టీ తాగి, గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఫోను పెట్టేసి మళ్లీ రాళ్లు ఏరాను. మూడు నెలలుగా నేను ఆయన గడప తొక్కలేదు.

సమాధి దగ్గర పాస్టరు గారు మావయ్యని నమ్మకస్తుడని మూడుసార్లు అన్నారు. మూడోసారి నాకు నవ్వొచ్చింది, పళ్లు బిగబట్టాను. మీ మావయ్య గురించి నాలుగు మంచి మాటలు రాయవే అని అత్త అడిగింది. రాస్తాను. మంచి చాలా ఉంది. కానీ అదొక్కటే రాస్తే ఇంకొక మనిషికి అన్యాయం చేసినదాన్నవుతాను. అందుకే మీకు రెండూ చెబుతున్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఇక్కడ బర్మాలో రైలుపెట్టెల కార్ఖానాలో వడ్రంగి. రిటైరయ్యాక పాత చెక్కసామాన్లు బాగుచేసేవాడు. బౌద్ధ విహారాల నుంచి చెక్కుడు తలుపులు వచ్చేవి, చెదలు తిన్న పీఠాలు వచ్చేవి, ఒకోసారి చెయ్యి విరిగిన చెక్క బుద్ధుడే వచ్చేవాడు. బాప్టిస్టువాడివి, నీకెందుకయ్యా ఇవన్నీ అని చర్చిలో ఎవరో అడిగితే, "నాను బాగుసేసీది సెక్కని. మొక్కీది నా దేవుడికి" అన్నాడు. రంపం పట్టే ముందు మాత్రం ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు, బుద్ధుడికైనా సరే, బీరువాకైనా సరే.

నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక, నలభై దాటిన వయసులో, ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. "గుంటా, అది ఉలే. గరిటి కాదు" అని రోజుకి పదిసార్లు ఎగతాళి చేసేవాడు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గనక గుమ్మం వెలుగులోనే పని. వెలుగు జరిగే కొద్దీ తన ముక్కాలిపీట వెనక్కి జరుపుకునేవాడు, నా పని మీద నీడ పడకుండా. ఆ సంగతి గమనించడానికే నాకు ఏడాది పట్టింది. నేను సిగ్గుపడి లేవబోతే, "కూకో. నా సేతులకి దారి తెలుసు" అన్నాడు.

పాత చెక్కకి అతుకు వేస్తే వేరే జాతి చెక్కతోనే వేయాలనేవాడు. టేకుకి పనస, పనసకి టేకు. "అతుకు కనబడాల. లేపోతే అబద్దమే" అనేవాడు. ఒకసారి నేను రంగు కలిపి అతుకు దాచబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను పని నేర్చుకున్నది ఆ మాట దగ్గరే.

ఇంక అమ గురించి చెప్పాలి. బర్మా మాటలో అమ అంటే అక్క. ఫ్యాక్టరీలో నా పక్క మిషను ఆమెది. వాళ్లది సగైంగ్ వైపు పల్లె. యుద్ధం ఆ పల్లె మీదికి వచ్చి వెళ్లాక మిగిలింది బూడిదే. జనం తలో దిక్కూ పోయారు, కొందరు లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీలకి వచ్చారు. వస్తూ వస్తూ ఉల్లిపాయల బస్తాల కింద దాచి ఊరి విహారంలోని గ్రంథాల పెట్టె తెచ్చుకున్నారు. లక్క పూసి బంగారు రేకు అద్దిన టేకు పెట్టె. ఎన్ని తరాలదో వాళ్లకే తెలియదు. లోపల తాటాకు గ్రంథాలు, మూత మీద ఆ పెట్టె దానం చేసిన పదకొండు మంది పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ ఊరు ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి వాళ్లకి మిగిలిన రాత అదొక్కటే.

దారిలో మూత మూల విరిగింది. అమ ఉండే ఒక్క గదిలోనే పదిమంది. బాగుచేసి, తనకి వేరే గది దొరికే వరకూ దాచేవాళ్లు ఉన్నారా అని నన్ను అడిగింది. మా మావయ్య ఉన్నాడు, నాదీ పూచీ అన్నాను. అమ ఇంకేమీ అడగకుండా పెట్టె నా చేతుల్లో పెట్టింది.

విరిగిన మూలకి మూత లోపలివైపు పనసచెక్క అతుకు నేనే వేశాను. కొంచెం వంకర వచ్చింది. "పోన్లే, నీ మొకంలాగే ఉన్నాది" అన్నాడు మావయ్య. మూత మీద సన్న కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, ఆ పదకొండు పేర్లూ ఎత్తి ఇవ్వమన్నాడు. "రేపు మల్లీ ఏ మంటైనా అంటుకుంటే నకలుండాల కదే." ఎంత ముందుచూపో అనుకుని, అక్షరం చెరగకుండా రుద్ది ఇచ్చాను.

ఆరు నెలలకి అమకి గది దొరికింది, మావయ్య పంపితే పెట్టె నేనే తీసుకెళ్లి అప్పజెప్పాను. పున్నమినాడు వాళ్ల ఊరివాళ్లందరూ అక్కడ చేరారు. ఒక ముసలాయన మూత మీద వేలు పెట్టి, ఇది మా తాత తల్లి పేరు అని పిల్లలకి చూపించాడు. పూలు సర్దుతున్న తడిచేత్తో నేను మూత ఎత్తి పట్టుకున్నాను. నా వేళ్లు నేను వేసిన అతుకు మీద పడ్డాయి. తీసి చూసుకుంటే వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి.

పసుపు. పనసచెక్క సహజంగానే పసుపురంగు, దానికి పసుపు రాయక్కర్లేదు. అది టేకు ముక్కే. నా వంకరతో సహా కొత్త పెట్టె చెక్కి, అతుకు చోట పసుపు రాశాడు మావయ్య.

మర్నాడే ఇన్సేన్ వెళ్లాను. "అసలు పెట్టి ఏది మావయ్యా?"

ఆయన దాచలేదు. "ఇచ్చీసినాను."

"ఎవులికి?"

"అడక్కు." తర్వాత తనే చెప్పాడు. మనవడి పేరు సైన్యం బలవంతంగా పట్టుకుపోయే కుర్రాళ్ల జాబితాలో పడింది. తీయించగల పెద్దమనిషొకడికి పాత సామాన్ల పిచ్చి. మావయ్య దగ్గర పెట్టెని చూశాడు, అదే కావాలన్నాడు.

"నీ పేరు సెప్పి నాను మాటిచ్చినాను కదా!"

"తాటాకులు ఒక్కటీ పోనేదు. ఆల్ల వాక్కెం ఆల్లకాడే ఉన్నాది. పెట్టి ఏటే, సెక్కే కదా."

"మరి ఆ పేర్లు?"

"అయ్యీ సెక్కినాను. ఒక్కచ్చరం తప్పు నేదు. మనవడే, గుంటా. నువ్వైతే ఏటి సేస్తువు, సెప్పు."

కానీ అమని అడగొచ్చు కదా? పిల్లాడి ప్రాణమంటే ఆమే ఎత్తి ఇచ్చేదేమో. అడగలేదు. దొంగ పెట్టె చేశాడు, దానికి నాతోనే పేర్లు రుద్దించాడు, నన్నే పంపి అప్పజెప్పించాడు. నన్ను వెలుగులో కూర్చోబెట్టిన మనిషి నా కళ్లే కప్పాడు. చీ అని లేచి వచ్చేశాను. ఆయన వెనక నుంచి పిలిచాడు, నేను తిరగలేదు. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

మట్టి చేసిన మూడోరోజు లైంగ్‌థార్యార్ వెళ్లి అమకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మూత తెరిచి తాటాకులన్నీ తీసి, ఒక బిస్కెట్ల డబ్బాలో పేర్చింది. "పిల్లాడు బాగున్నాడా?" అని అడిగింది. బాగున్నాడన్నాను. మూత మూసి, "మావాళ్ల పేర్లు దీనిమీద ఉండకూడదు. తీసెయ్" అంది.

తర్వాతి ఆదివారం చెక్క గీసి నునుపుచేసే చిత్రిక అమ గదికి పట్టుకెళ్లాను. మావయ్యదే, అత్త ఇచ్చింది. ఎందుకో అత్తకి చెప్పలేదు. మూత విడదీసి నేల మీద పెట్టి, మోకాళ్లతో అదిమిపట్టాను. ఆయన చేతి పనిలో అంత అందమైనది నేను చూడలేదు. అక్షరాల గుండ్రాలు ముట్టుకుంటే నున్నగా తిరిగాయి. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీదో నా మీదో తెలియదు.

అమ ఒక్కొక్క పేరూ పైకి చదివింది. ఆమె చదివాకే నేను చిత్రిక తోశాను. ఒక్కో పేరు పోవడానికి నాలుగైదు తోపులు పట్టింది. బంగారం నలిగి నా మణికట్టు మీద పడింది. చుట్టలు చుట్టుకుని రాలిన చెక్కపొరల్ని అమ ఒక్కటీ నేల మీద ఉండనివ్వలేదు, ఏరి ఒడిలో వేసుకుంది. పదకొండో పేరు అయ్యేసరికి మూత బోసిగా, పచ్చిచెక్క రంగులో మిగిలింది.

అప్పుడే కరెంటు వచ్చింది. పైన ఫ్యాను తిరగడం మొదలైంది, పొరలు లేచాయి. అమ గబుక్కున ఒడి మీదికి వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టింది.